పల్లపు పెరడు - మా ఇంటి అనుభవం

వాన వెలిసిన తరువాత మీ పెరట్లో నీరు ఎంతసేపు నిలుస్తుంది? ఒక పూటా, ఒక రోజా, వారమా? ఈ ప్రశ్నకు జవాబు చూసుకోకుండానే మేము మా పెరట్లో పని మొదలుపెట్టాము. ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ దోమల గురించి, గాయాల గురించి ఊరందరికీ చెప్పే నేనే ఈ పొరపాటు చేశాను. చదివినవారిలో ఒకరిద్దరికైనా ఖర్చు, కష్టం తప్పుతాయని రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణం. 2009లో ఇల్లు కొన్నప్పుడు వీధి, మా ఆవరణ ఒకే ఎత్తున ఉండేవి. ఆ తరువాత పాత రోడ్డును తవ్వకుండా దాని మీదనే రెండుసార్లు కొత్త రోడ్డు పోశారు. ఇప్పుడు వీధిలోంచి మా ఆవరణలోకి రెండు మెట్లు దిగాలి. వీధిలో పడిన వాన మా పెరట్లోకే వచ్చేది. మురుగు కాలువ కూడా పెరటికంటె ఎత్తున ఉండడంతో వచ్చిన నీరు పోయే దారి లేదు.

దానికి తోడు నల్లరేగడి నేల. ఈ మట్టిలో బంక ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి వేసవిలో చెయ్యి దూరేటంత బీటలు తీస్తుంది. మొదటి వానకు బీటలన్నీ మూసుకుపోయాక నీరు ఇంకడం దాదాపు ఆగిపోతుంది. మావారు ఇంకుడు గుంత తవ్విస్తే సరిపోతుందన్నారు. 2000లో నీరు-మీరు కార్యక్రమం వచ్చినప్పటి నుండి ఇంకుడు గుంత పేరు తెలియనివారు లేరు. మెట్ట ప్రాంతాల్లో అది మంచి పనే. కాని డెల్టాలో వానాకాలం భూగర్భజలం బాగా పైకి వస్తుంది. మా గుంత నెల తిరక్కుండా నిండి, మూత లేని తొట్టిలా నిలిచిపోయింది.

తవ్వించేముందు చిన్న పరీక్ష చేస్తే ఆ డబ్బు మిగిలేది. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకిన తరువాత మళ్ళీ నింపి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడండి. కొన్ని గంటల్లో ఇంకితే గుంత పనిచేసే అవకాశం ఉంది. మా పెరట్లో సాయంత్రం పోసిన నీరు మర్నాడు మధ్యాహ్నం కూడా కనబడింది. అటువంటి చోట నీటిని ఇంకించడం కాదు, బయటికి పంపించడమే మార్గం. అందుకు నేల మెరక చేయాలి.

మెరకకు మట్టి తోలించేటప్పుడు జరిగిన తప్పే మాకు అన్నిటికంటె బాధ కలిగించింది. పాత ఇల్లు కూల్చిన చోటి మట్టి చవకగా వస్తుందని ఎనిమిది ట్రాక్టర్లు తోలించాము. అందులో పెంకులు, సున్నపు పెళ్ళలు, గాజు ముక్కలు, తుప్పు మేకులు అన్నీ ఉన్నాయి. పైన జానెడు మంచి మట్టి పోయించాము కాని, రెండు వానలకు అది కొట్టుకుపోయింది.

మా అత్తగారికి పన్నెండేళ్ళుగా మధుమేహం. పెరట్లోకి చెప్పులతో వెళ్ళడం ఆమెకు అలవాటు లేదు. ఒకరోజు పక్కదుప్పటి మీద నెత్తురు మరక చూసి ఆమె పాదం పరీక్షించాను. చిటికెన వేలి కింద పెంకు ముక్క దిగి ఉంది. చుట్టూ వాచి, వాసన వస్తోంది. "నొప్పేమీ లేదే అమ్మాయ్, ఎందుకంత కంగారు?" అన్నారామె. నొప్పి లేకపోవడమే నన్ను కంగారు పెట్టింది. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. రక్తప్రసరణ కూడా తగ్గితే గాయం మానదు, లోపల ఎముక దాకా చీము పడుతుంది. ముక్క ఎప్పుడు గుచ్చుకున్నదో ఆమెకే తెలియదు. చివరికి ఆ వేలు తీసివేయవలసి వచ్చింది.

మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారుంటే వారి పాదాలను రోజూ రాత్రి వెలుతురులో చూడండి. వేళ్ళ సందులు, అరికాలు చూడడం మరవకండి. వారికి కనబడకపోతే చిన్నవాళ్ళు చూసిపెట్టాలి. మట్టి అంటిన గాయం ఎవరికైనా సరే, సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకుని ఎంతకాలమైందో డాక్టరుకు చెప్పండి. పసుపు, ముగ్గుపొడి అద్ది ఇంట్లో కూర్చోకండి.

తరువాత ఆ మట్టినంతా ఎత్తించి, గ్రావెల్ తోలించాము. అంటే రెండుసార్లు ఖర్చు. ఈసారి తాపీమేస్త్రీ సన్న గొట్టంలో నీళ్ళు నింపి లెవెల్ చూసి, ఇంటి గోడ నుండి కాలువ వైపు ప్రతి పది అడుగులకు రెండు అంగుళాల వాలు పెట్టాడు. ఆరేసి అంగుళాల మందాన పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టించాడు. అంతా ఒకేసారి పోస్తే తరువాత చోటచోట కుంగి మళ్ళీ గుంటలవుతాయి. పైన అడుగు మందాన చెరువు మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి పోశాము. మా ఇంటి పునాది ఎత్తు కనుక ఇది వీలైంది. ఇంటి గచ్చు కంటె పెరడు ఎత్తయితే నీరు ఇంట్లోకే వస్తుంది, గోడలకు చెమ్మ, చెద పడతాయి.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. మామిడి మొదలు చుట్టూ అడుగున్నర మట్టి కప్పేశాము. వేళ్ళకు గాలి ఆడక రెండేళ్ళలో చెట్టు ఎండిపోయింది. పెద్ద చెట్టు చుట్టూ పాత మట్టం దాకా ఖాళీ వదిలి, ఇటుక కట్టు కట్టించాలి. అయితే ఆ గుంటలో నీరు నిలవకుండా చూసుకోవాలి. మరొకటి, మట్టి పోసేవాళ్ళు సెప్టిక్ ట్యాంకు మూతను కూడా కప్పేశారు. శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు ఒక పూటంతా గునపంతో వెదికాము!

ఆ ట్యాంకు గాలిగొట్టానికి సన్నని వల కట్టండి. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగులోనే పెరుగుతుంది, ట్యాంకులోంచి ఆ గొట్టం గుండానే బయటికి వస్తుంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు మనకు పాత శత్రువు. దాని క్రిములు రాత్రిపూటే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కనుకనే పరీక్షకు రక్తం రాత్రి పది దాటాక తీస్తాము. డెంగ్యూ దోమది వేరే పద్ధతి. దానికి పూలకుండీ కింది పళ్ళెం, పగిలిన టైరు, కొబ్బరి చిప్ప చాలు. అది తొట్టి గోడకు, నీటి గీతకు కాస్త పైన గుడ్లు పెడుతుంది. అవి నెలల తరబడి ఎండినా చావవు. కాబట్టి నీరు ఒంపడమే కాదు, గోడలను పీచుతో రుద్ది కడగాలి. వారానికొకసారి తప్పనిసరి, ఎందుకంటే గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు సరిపోతాయి.

మిగిలిన ఇటుకలు, కట్టెలు గోడవారగా గుట్ట పోయకండి, తేళ్ళకూ పాములకూ అవే ఇళ్ళు. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకండి, కొందరికి అది తగిలితే చర్మం దురదపెట్టి పుండ్లవుతాయి. పిల్లలున్న ఇంట్లో గన్నేరు వద్దు, అందులో ప్రతి భాగమూ విషమే.

ఈశాన్య మూల ఎన్నిసార్లు సరిచేసినా చెమ్మగానే ఉంది. అక్కడ చేమ వేశాము, బాగానే వచ్చింది. గోడ పక్క కరివేపాకు, నిమ్మ, కాస్త దూరంలో అరటి ఉన్నాయి. పెరటి గుమ్మం దగ్గర అత్తగారి కోసం వెనుక పట్టీ ఉన్న చెప్పులు పెట్టాము. మొదట్లో సణిగేవారు. ఇప్పుడు నేను వట్టికాళ్ళతో దిగితే ఆమే కేకలేస్తున్నారు.