నివాస ప్రాంతాన్ని ఎంచుకోవడం

ఇంట్లో గాలి, వెలుతురు ఎలా ఉండాలో ఇంతకుముందు తెలుసుకున్నారు. ఇల్లు ఎంత బాగున్నా, అది ఉన్న చోటు అనుకూలంగా లేకపోతే కుటుంబానికి ఇబ్బంది తప్పదు. గోడలకు రంగు మార్చుకోవచ్చు. ఇంటికీ బడికీ మధ్య దూరాన్ని మార్చలేం. అందువల్ల అద్దెకైనా, కొనడానికైనా ముందు ఈ క్రింది అంశాలను పరిశీలించండి.

అ) పాఠశాల

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకొనే హక్కును అది కల్పించింది. కేంద్రం 2010లో రూపొందించిన నియమాల ప్రకారం 1–5 తరగతులకు 1 కి.మీ., 6–8 తరగతులకు 3 కి.మీ. నడక దూరంలో బడి ఉండాలి. దీన్ని మీ కొలబద్దగా పెట్టుకోండి.

మంచి బడి అంటే పెద్ద భవనం కాదు. పనిదినాన వెళ్లి చూడండి. ఉపాధ్యాయులు సరిపడా ఉన్నారా? త్రాగునీరు, ఆటస్థలం, బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉన్నాయా? దారిలో పిల్లలు పెద్ద రోడ్డునో, రైలు పట్టాలనో దాటవలసి వస్తుందా?

చండీగఢ్ నగరాన్ని 1950లలో సెక్టార్లుగా నిర్మించారు. ఒక్కో సెక్టారు సుమారు 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు ఉంటుంది. బడి, దుకాణాలు, పార్కు అందులోనే ఉండాలని, వేగంగా పోయే వాహనాలు బయటి రోడ్ల మీదనే సాగాలని దీని ఉద్దేశం. మన ఊళ్లన్నీ ఇలా లేవు కాబట్టి వెతుక్కోవలసిన బాధ్యత మనదే.

ఆ) రాకపోకలు

దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాలలో లెక్కించండి. ఆదివారం కాక, పనిదినాన ఆఫీసు వేళకు ఒకసారి ప్రయాణం చేసి చూడండి. హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003లో, మెట్రో 2017లో మొదలయ్యాయి. అయితే స్టేషను ఉందనగానే సరిపోదు. ఇంటి నుంచి అక్కడికి ఎలా చేరతారో, చివరి బస్సు ఎప్పుడో, వీధి దీపాలు వెలుగుతాయో లేదో తెలుసుకోండి.

ఇ) పరిసరాలు

నీరు ఎన్ని రోజులకొకసారి వస్తుంది? వాన కురిస్తే వీధిలో నీరు నిలుస్తుందా? ఈ సంగతులు ఇంటి యజమానిని కాక, ఇరుగుపొరుగు వారిని అడగండి.

ఉదాహరణ

ఒక కుటుంబం రెండు ఇళ్లు చూసిందనుకోండి. నెలకు 25 పనిదినాలు.

మొదటి ఇల్లు: అద్దె రూ. 8,000, ఆఫీసుకు రానుపోను రోజుకు రూ. 60, అంటే రూ. 1,500; పిల్లల ఆటోకు రూ. 1,500. మొత్తం రూ. 11,000. ఆఫీసు ప్రయాణానికి రోజుకు 3 గంటలు.

రెండవ ఇల్లు: అద్దె రూ. 10,500, ఆఫీసుకు రోజుకు రూ. 40, అంటే రూ. 1,000, బడికి నడకే. మొత్తం రూ. 11,500. ప్రయాణానికి రోజుకు 1 గంట.

అద్దెలో తేడా రూ. 2,500 కనిపించినా, అసలు తేడా రూ. 500 మాత్రమే. దానికి బదులుగా నెలకు 50 గంటలు మిగులుతాయి. సాయంత్రం పిల్లల పక్కన కూర్చోవడానికి దొరికే సమయం ఇదే. అయితే ఆ రూ. 500 కూడా భారమైన కుటుంబం మొదటి ఇంటినే ఎంచుకోవచ్చు. అది తప్పు కాదు. లెక్క చూసుకొని నిర్ణయించడమే ముఖ్యం.

పాఠ్యగత ప్రశ్నలు

1. 1–5 తరగతుల బడి ఎంత దూరంలో ఉండాలి?
2. ప్రయాణాన్ని పనిదినాన ఎందుకు పరీక్షించాలి?
3. మీ ఇంటికి పై ఉదాహరణలోలాగా నెల ఖర్చు, ప్రయాణ సమయం లెక్క వేయండి.