జంట శ్రేణులు - స్థానసంబంధము

శాస్త్రము క్రొత్తదైనను దానికి మూలమైన ఆలోచన ప్రాతదై యుండుట పలుమారు కానవచ్చును. కంప్యూటరు ప్రోగ్రాము రచన నేర్చు విద్యార్థులకు తొలిపాఠములలో నెదురగు జంట శ్రేణుల విషయ మిట్టిదే. తెలుగు వ్యాకరణము చదివిన బాలునకు దీని కీలకము ముందే తెలిసియున్నది. తెలిసినదని అతడెరుగడు, అంతియే భేదము.

శ్రేణి యనగా విలువలను వరుసగా నుంచిన పట్టిక. ఇంగ్లీషున దీనిని 'అరే' అందురు. అందలి ప్రతి విలువకు నొక స్థానసంఖ్య యుండును. తమిళనాడున 2018లో 11వ తరగతికి వెలువడిన పాఠ్యపుస్తకమున సీ ప్లస్ ప్లస్, 2019లో 12వ తరగతికి వెలువడిన దానిలో పైతాన్ బోధ్యాంశములైనవి. ఈ రెండు భాషలలోను స్థానముల లెక్క 1తో గాక 0తో మొదలగును. రెండు శ్రేణులలో ఒకే స్థానమున నున్న విలువలు పరస్పర సంబంధము గలవని ముందుగా నేర్పరచుకొన్నచో నవి జంట శ్రేణులు. మొదటిదానిలో వెదకి, దొరకిన స్థానసంఖ్యతో రెండవదానిలోని విలువను గైకొనుటయే ఇందలి పని.

గసడదవాదేశ సంధిని స్మరింపుడు. క, చ, ట, త, ప - ఇది మొదటి శ్రేణి. గ, స, డ, ద, వ - ఇది రెండవది. 'తల్లి' తరువాత 'తండ్రి' చేరినపుడు తకారము మొదటి వరుసలో నాలుగవది గావున రెండవ వరుసలో నాలుగవదైన దకారము వచ్చి 'తల్లిదండ్రులు' అగును. కూరగాయలు, కాలుసేతులు, ఊరువల్లెలు - అన్నియు నిట్లే. కకారమునకు గకారమని, చకారమునకు సకారమని వేరువేరుగా చెప్పవలసిన పని లేదు. వరుసయే ఆ పని చేయుచున్నది.

పాణిని యీ పద్ధతికి నియమమునే చేసెను. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయమున మూడవ పాదములోని పదియవ సూత్రము, రెండు పట్టికల సంఖ్య సమానమైనపుడు వాని సభ్యులకు వరుసక్రమమున సంబంధమని నిర్ణయించుచున్నది. ఏ, ఓ, ఐ, ఔ అను నాలుగింటికి అచ్చు పరమగునపుడు క్రమముగా అయ్, అవ్, ఆయ్, ఆవ్ వచ్చుట దీనికి చక్కని ఉదాహరణము. కనుకనే నే-అనము నయనము, పో-అనము పవనము, నై-అక నాయక, పౌ-అక పావక యగుచున్నవి.

ఇపుడొకడు మొదటి పట్టికను మాత్రము వర్ణమాల క్రమమున ఏ, ఐ, ఓ, ఔ అని సర్దెననుకొందము. రెండవ పట్టిక కదలలేదు. అపుడు ఐకారమునకు అవ్, ఓకారమునకు ఆయ్ చెందును. 'నాయక' అను చోట 'నవక'యు, 'పవనము' అను చోట 'పాయనము'ను పుట్టును. రెండు పట్టికలలో నొక్క అక్షరమైనను తప్పు లేదు. చెడినది సంబంధ మొక్కటియే. జంట శ్రేణుల బలమును, బలహీనతయును ఇందే యున్నవి.

ధర్మపురి ప్రాంతమున ఈ బలహీనతకు ప్రత్యేకమైన ప్రాధాన్యము గలదు. 1965లో సేలమునుండి విడివడిన ఈ జిల్లాలో తమిళము, తెలుగు, కన్నడము కలసి వినబడును. హోసూరు ప్రాంతము 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరువరకు దీనిలోనిదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన తెలుగు పిల్లలును పాఠశాలలో తమిళము చదువుచున్నారు. కావున ఒకే విద్యార్థిని పేరు రెండు లిపులలో నుండుట సహజము. ఐదుగురు బాలికల పట్టిక యొకటి ఊహింపవచ్చును.

స్థానము: 0, 1, 2, 3, 4
పేరు: గౌరి, జానకి, పద్మ, బాను, భాను
మార్కు: 72, 91, 64, 85, 31

పద్మ మార్కు కావలెనన్న ప్రోగ్రాము 0వ స్థానము మొదలు పేర్లను ఒక్కొక్కటిగా పోల్చి చూచును. 2వ స్థానమున సరిపోయినంతనే నిలిచి, మార్కుల శ్రేణిలో 2వ స్థానమునకు పోయి 64ను తెచ్చును.

ఇందు మూడు ప్రమాదములు గలవు. మొదటిది క్రమభేదము. పేర్లను తమిళ లిపిలోనికి మార్చి ఆ నిఘంటు క్రమమున సర్దినచో, గ్రంథాక్షరముతో వ్రాయు జకారము కడకు పోవును. జానకి 4వ స్థానము చేరును. మార్కులను వెంట జరుపనిచో 91 మార్కులు తెచ్చుకొన్న ఆ బాలికకు 31 చెందును. 35 వచ్చిననే ఉత్తీర్ణత గదా!

రెండవది పోలిక. తమిళమున ప, ఫ, బ, భలకు అక్షర మొక్కటియే. కాబట్టి బాను, భాను అను రెండు పేర్లును ఒకే రూపమున నుండును. అన్వేషణము మొదట దొరకినచోటనే నిలుచును గాన భానును వెదకినను 85 వచ్చును. 31 మార్కుల బాలికకు ఉపాధ్యాయుని సహాయ మవసరమన్న సంగతి యే మరుగుపడును.

మూడవది దొరకని పేరు. 'జానకీ' అని దీర్ఘముతో వెదకినచో ఏ పేరును సరిపోదు. దొరకలేదనుటకు -1 అని గురుతుంచుట ప్రోగ్రామర్ల వాడుక. కాని పైతానులో -1వ స్థానమనగా కడపటిదని యర్థము. పరీక్షింపక ముందుకు పోయినచో కడపటి వారి 31 వచ్చును. ఈ మూడింటను యంత్రము తప్పు జరిగినదని చెప్పదు. నిబ్బరముగా నొక సంఖ్యను చూపును.

దీనికి నివారణ కష్టము గాదు. రెండు శ్రేణుల పొడవు సమానమా యని మొదట చూడవలెను. పాణిని సమసంఖ్యను కోరుటలోని యుక్తి యిదే. పరీక్షకు రానివారికిని మార్కుల శ్రేణిలో నొక గడి నుంచవలెను. లేనిచో తరువాతి వారందరి మార్కులును ఒక్కొక్క మెట్టు ముందునకు జరుగును. ఒకదానిని సర్దినపుడు రెండవదానిని తోడనే సర్దవలెను. పేరుతో గాక, ఒకరిది వేరొకరికి రాని రిజిస్టరు సంఖ్యతో వెదకవలెను. దొరకనపుడు అచ్చటనే ఆగవలెను.

1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో శ్రేణు లుండెను గాని, పేరును మార్కును ఒకే మూటగా గట్టు 'రికార్డు' లేదు. నాటి ప్రోగ్రామర్లకు జంట శ్రేణులు తప్పనిసరి. నేడు పైతానులోని 'డిక్షనరీ' మొదలగు సాధనములు ఆ శ్రమను చాల తగ్గించినవి. అయినను తొలిపాఠముగా జంట శ్రేణులు విడువదగినవి గావు. రెండు విలువల సంబంధము వానిలో లేదనియు, మన మేర్పరచిన వరుసలో నున్నదనియు వీనివలె మరేదియు స్పష్టముగా చూపజాలదు.

తెలుగు తరగతిలో గసడదవలను చెప్పునపుడు కంప్యూటరు తరగతిని, అచ్చట శ్రేణులను చెప్పునపుడు గసడదవలను తలచినచో రెండు పాఠములును విద్యార్థికి సులభమగును. మాతృభాషలో నేర్చిన వ్యాకరణము క్రొత్త విద్యకు అడ్డు గాక మెట్టుగా నుండగలదని పిల్లలు తామే తెలిసికొందురు.