తేలికైన, దృఢమైన షాఫ్టులు, దూలాలు: పోగుల దిశకున్న ప్రాధాన్యం

కాంపోజిట్ పదార్థాలంటే ఏమిటో, వాటిలో పోగులూ రెజినూ కలిసి ఎలా పనిచేస్తాయో గత భాగంలో చదువుకున్నారు. ఈ భాగంలో ఆ విషయాలను రెండు యంత్రభాగాలకు అన్వయించి చూద్దాం. ఒకటి తిరిగే షాఫ్టు, రెండోది బరువు మోసే దూలం.

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఒక వెదురు ముక్కను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని నునుపుగా చెక్కి వెలుతురులో చూడండి. గోడ మందంలో ముదురు రంగు చుక్కలు కనిపిస్తాయి. అవి వెదురు పొడవునా సాగే నార కట్టలు. లోపలి అంచు దగ్గర పలచగా, వెలుపలి అంచు దగ్గర ఒత్తుగా ఉంటాయి. గాలికి వెదురు వంగినప్పుడు ఎక్కువగా సాగేదీ, ఎక్కువగా నొక్కుకుపోయేదీ వెలుపలి పొరే కాబట్టి నార అక్కడే ఎక్కువగా ఉంది. మధ్యలో పెద్దగా పని లేదు, అందుకే బోలుగా ఉంది. ఇప్పుడు అదే వెదురును రెండు చివరలా పట్టి గట్టిగా మెలితిప్పితే నిలువునా చీలుతుంది. నార అంతా ఒకే దిశలో ఉండటమే దీనికి కారణం. ఈ రెండు పరిశీలనలనూ గుర్తుంచుకోండి.

1. దృఢత్వం, బలం, బరువు

దృఢత్వం అంటే భారం పడినప్పుడు ఆకారం మారకుండా నిలిచే గుణం. బలం అంటే విరగకుండా నిలిచే గుణం. విద్యార్థులు ఈ రెంటినీ తరచూ ఒకటిగా భావిస్తారు. మామూలు ఉక్కుకూ, ఖరీదైన అధిక బలం గల ఉక్కుకూ యంగ్ గుణకం దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్‌లు. కాబట్టి దూలం ఎక్కువగా వంగుతోందని ఖరీదైన ఉక్కు వాడితే డబ్బు వృథా తప్ప వంపు తగ్గదు.

యంగ్ గుణకాన్ని సాపేక్ష సాంద్రతతో భాగిస్తే వచ్చేది విశిష్ట దృఢత్వం. ఉక్కుకు ఇది 200/7.85, అంటే సుమారు 25. అల్యూమినియంకు 70/2.7, సుమారు 26. రెండూ దాదాపు సమానం! లోహం మార్చినంత మాత్రాన ఈ లెక్కలో లాభం లేదు.

ఇప్పుడు పోగులను చూద్దాం. సాధారణ రకం కార్బన్ పోగు గుణకం సుమారు 230 గిగాపాస్కల్‌లు. ఘనపరిమాణంలో 60 శాతం పోగులు, 40 శాతం ఎపాక్సీ రెజిన్ ఉండేలా, పోగులన్నీ ఒకే దిశలో వేస్తే ఆ దిశలో గుణకం సుమారు 140 గిగాపాస్కల్‌లు, సాపేక్ష సాంద్రత సుమారు 1.54. విశిష్ట దృఢత్వం 91 అవుతుంది. ఇది ఉక్కుకు మూడున్నర రెట్లు. అదే గాజు పోగులతో చేస్తే గుణకం సుమారు 45, సాపేక్ష సాంద్రత 2. విశిష్ట దృఢత్వం 22 మాత్రమే, ఉక్కు కన్నా తక్కువ. గాజు పోగు చవక, తుప్పు పట్టదు, బలమైనది. కానీ తేలికగానూ దృఢంగానూ ఉండాలన్న చోట అది ఉక్కును మించదు.

కార్బన్ విషయంలోనూ 140 అన్న అంకె పోగుల దిశకే వర్తిస్తుంది. అడ్డ దిశలో గుణకం 10 గిగాపాస్కల్‌లకు మించదు. అక్కడ భారం మోసేది ప్రధానంగా రెజినే.

2. షాఫ్టు

లారీ కింద గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసు దాకా వెళ్లే షాఫ్టును చూసే ఉంటారు. పొడవైన బండ్లలో అది రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో ఒక బేరింగుపై ఆనుతుంది. మెలితిప్పే బలాన్ని మోయడానికి ఒకే ఉక్కు గొట్టం చాలు. మరి రెండు ముక్కలెందుకు? తిరిగే షాఫ్టు వేగం దాని సహజ పౌనఃపున్యానికి సమానమైతే అది విల్లులా వంగి విపరీతంగా ఊగుతుంది. ఈ వేగాన్ని సందిగ్ధ వేగం అంటారు. అది పొడవు వర్గానికి విలోమానుపాతంలోనూ, విశిష్ట దృఢత్వపు వర్గమూలానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది.

సగటు వ్యాసార్థం 40 మిల్లీమీటర్లు, పొడవు 2 మీటర్లు గల పలుచని ఉక్కు గొట్టాన్ని రెండు చివరల ఆనించామనుకుందాం. లెక్కిస్తే సందిగ్ధ వేగం నిమిషానికి సుమారు 3,400 భ్రమణాలు వస్తుంది. పొడవు సగం చేస్తే నాలుగు రెట్లు పెరుగుతుంది. అందుకే రెండు ముక్కలు, మధ్యలో బేరింగు, దానితో పాటు అదనపు కీలు, అదనపు బరువు.

కార్బన్‌తో ఒకే ముక్క చేయగలమా? పోగులన్నీ పొడవునా వేస్తే వంగదు గానీ, వెదురులాగే మెలికకు లొంగిపోతుంది. ఆ అమరికలో విరూపణ గుణకం 5 గిగాపాస్కల్‌లే. పోగులను +45°, −45° కోణాల్లో చుడితే అది సుమారు 35కి పెరుగుతుంది. మెలితిప్పినప్పుడు గొట్టం గోడలో లాగుడు, నొక్కుడు సరిగ్గా ఆ రెండు దిశల్లోనే పడతాయి. కానీ అప్పుడు పొడవు దిశలో గుణకం 17కి పడిపోతుంది. కాబట్టి సగం మందం పొడవునా, సగం ±45°లో వేద్దాం. పొడవు దిశలో గుణకం సుమారు 78, విశిష్ట దృఢత్వం సుమారు 50 అవుతుంది. సందిగ్ధ వేగం 4,700కు చేరుతుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ గొట్టపు విరూపణ గుణకం సుమారు 20, ఉక్కుది 80. మెలికలో కూడా ఉక్కుతో సమానమైన దృఢత్వం కావాలంటే, అదే వ్యాసంలో గోడ నాలుగు రెట్లు మందంగా ఉండాలి. అప్పుడు బరువులో ఆదా ఐదో వంతు మాత్రమే. ప్రకటనల్లో కనిపించే పెద్ద ఆదా, మెలికలో కొంత వదులు పరవాలేదన్న చోటా, వ్యాసం పెంచుకునే వీలున్న చోటా మాత్రమే సాధ్యం.

3. తయారీ

రెజిన్‌లో తడిపిన పోగులను తిరిగే మాండ్రెల్‌పై చుట్టడాన్ని ఫిలమెంట్ వైండింగ్ అంటారు. 45° చుట్టలు దీనితో సులువు. పొడవు దిశ పోగులు మాత్రం చివరల్లో జారిపోతాయి. అందుకే వాటిని రెజిన్ ముందే పట్టించిన పలుచని పట్టీల రూపంలో విడిగా పరుస్తారు. ప్రతి +45° పొరకు జంటగా −45° పొర ఉండాలి. ఒక్క పొర తప్పినా, పొడవునా లాగినప్పుడు గొట్టం తనంతట తాను మెలి తిరుగుతుంది. ఈ పొరపాటు గట్టిపడిన తర్వాత బయటికి కనిపించదు, సరిదిద్దలేం. కాబట్టి పొర వేసిన వెంటనే కాగితంపై గుర్తు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

పైన కుంచించుకునే టేపు గట్టిగా చుట్టి, కొలిమిలో వేడిచేస్తే టేపు బిగిసి గాలి బుడగలను, అదనపు రెజిన్‌ను బయటికి నెడుతుంది. చల్లారాక మాండ్రెల్ ఎలా వస్తుందని మీకు సందేహం రావచ్చు. 80 మిల్లీమీటర్ల అల్యూమినియం మాండ్రెల్ 120° నుంచి 30° సెల్సియస్‌కు చల్లారితే దాని వ్యాసం సుమారు 0.17 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కార్బన్ గొట్టం అంతగా కుంచించుకోదు. ఆ సందే మనకు చాలు, జారుడు పూత ముందుగా రాసి ఉంటే.

కష్టమంతా చివరల దగ్గర ఉంది. గొట్టానికి లోహపు కీలు అతికించాలి. అతుకు పొడవు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు కాదు, ఎందుకంటే జిగురులోని ప్రతిబలం అతుకు రెండు అంచుల దగ్గరే పోగవుతుంది. లోహపు అంచును క్రమంగా పలచబరిస్తే మేలు. అల్యూమినియం నేరుగా కార్బన్‌కు తగిలితే తేమలో త్వరగా తినేస్తుంది కాబట్టి మధ్యలో గాజు పోగు పొర ఒకటి వేస్తారు. గొట్టం కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, విద్యుత్తును కూడా ప్రసరింపజేస్తుంది. ముక్కుకు మాస్కు లేకుండా, విద్యుత్ పరికరాల పక్కన ఈ పని చేయకండి.

4. దూలం

దూలంలో పని పంపకం ఇంకా స్పష్టం. పైనా కిందా ఉన్న పలకలు వంపును మోస్తాయి, వాటిలో పోగులు పొడవునా ఉండాలి. నిలువు గోడలు విరూపణను మోస్తాయి, వాటిలో ±45° ఉండాలి. అనంతపురం ప్రాంతపు కొండలపై తిరిగే గాలిమరల రెక్క లోపల ఇలాంటి దూలమే ఉంటుంది. రెక్కల్లో ఎక్కువ భాగం గాజు పోగే. విశిష్ట దృఢత్వం తక్కువైనా ధర వల్ల దాన్నే ఎంచుకుంటారు. రెక్క బాగా పొడవై, కొన వంగి స్తంభానికి తగిలే ప్రమాదం వచ్చినప్పుడు పై, కింది పలకల్లోకి కార్బన్‌ను తెస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పైన చెప్పిన 2 మీటర్ల గొట్టంలో కార్బన్ పోగులన్నీ పొడవునా వేస్తే సందిగ్ధ వేగం ఎంత? ఆ వేగం ఎక్కువైనా అలాంటి షాఫ్టును లారీకి ఎందుకు బిగించకూడదు?