నమాజు విధి - మనోవ్యాధి

మా ఆఫీసులో మా ప్రక్క బల్ల ఒక సాయిబుగారిది. వేలూరు మనిషి. ఆయన తమ్మునికి ఇరవై రెండవ యేట మతి చలించింది. ఎవరో తనను పిలుస్తున్నారనేవాడు. రాత్రిళ్లు వీథిలోకి పోయేవాడు. డాక్టరిచ్చిన మాత్రలతో నెమ్మదించాడు గాని తెల్లవారుజామున లేవలేకపోయేవాడు. తల్లికి అదే పెద్ద దిగులు. ఫజర్ నమాజు వేళకు వానిని లేపడం, వాడు లేవకపోవడం, ఆమె ఏడ్వడం. యిట్లా జరిగి జరిగి, మాత్రలే మత్తు కలిగిస్తున్నవని ఆమె రాత్రి మాత్ర మాన్పించింది. పదిరోజులలో జబ్బు తిరగబెట్టింది.

ఆ తల్లిని మేము తప్పుపట్టము. మడి కట్టుకోనిదే వంటయింట్లో అడుగుపెట్టని పెద్దల మధ్య పెరిగిన మనకు ఆమె భయం తెలియనిది కాదు. నమాజు తప్పిన పాపం బిడ్డ లెక్కలో పడుతుందేమోనని ఆమె హడలిపోయింది.

మసీదు ఇమాముగారు వచ్చి ఆ ముడి విప్పారు. ఆయన చెప్పినదీ, తరువాత మేము తెలిసినవారి నడిగి గ్రహించినదీ యిక్కడ వ్రాస్తున్నాము.

రోజుకు అయిదు పూటల నమాజు, యీడు వచ్చి తెలివి గలిగిన ముస్లిములకు విధి. తెలివి తప్పినపుడు ఆ విధి లేదు. నిద్రలో వున్నవాడు, యీడు రాని పిల్లవాడు, మతి తప్పినవాడు - యీ ముగ్గురి విషయంలో మంచిచెడ్డలు వ్రాసే కలం ఎత్తివేయబడినదని హదీసు. అంటే పద్దు వ్రాసి తరువాత మాఫీ చేయడం కాదు, అసలు పద్దే పడదు. గుమాస్తాలము గనుక యీ తేడా మాకు చప్పున తెలిసింది.

తప్పిన నమాజును తరువాత తీర్చుకోవడం 'ఖజా'. మా వైపు ఉర్దూ మాట్లాడే ముస్లిములలో ఎక్కువమందిది హనఫీ పద్ధతి. అందులో మతి తప్పిన స్థితి ఒక పగలూ రాత్రీ మించి సాగితే ఆ నమాజులకు ఖజా లేదు. అంతకు లోపైతే తీర్చాలి. తమిళ కోస్తాలో విరివిగా వున్న షాఫయీ పద్ధతిలో ఆ కొద్దికాలానికీ ఖజా తప్పనిసరి కాదు.

మాత్రతో నిద్రపోయినవాడు మేలుకొన్న తరువాత చదువుకుంటే చాలును. "మందు మానమని దీన్ ఎక్కడ చెప్పిందమ్మా?" అని ఇమాముగారు అడిగారట.

మనసు క్రుంగి మంచం పట్టినవానికి తెలివి వుంటుంది గనుక విధీ వుంటుంది. నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని చదవవచ్చును.

తికమక పెట్టేది 'వస్వాసు'. వుజూలో మోచేయి తడిసిందో లేదోనని మళ్లీ మళ్లీ కడగడం, లెక్క తప్పిందేమోనని నమాజు మొదటికి తేవడం. చూచేవారు భక్తి అనుకుంటారు. (మడి పిచ్చి అని మనం నవ్వుకొనే ముసలమ్మలలో కొందరిదీ యిదేనేమో!) శాస్త్రకారులు మాత్రం దీనిని భక్తిగా లెక్కించలేదు. మూడుసార్లు కడిగితే చాలును, ఆపైన వచ్చే అనుమానాన్ని పట్టించుకోవద్దన్నారు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికీ మనసుకూ కలిపి వ్రాసిన ఆరోగ్యగ్రంథంలో వస్వాసును మనసు బాధలలో చేర్చాడు. నేటి డాక్టర్లు ఓ.సి.డి. అంటారు. అనుమానం వచ్చినా మరల కడగకుండా ఓర్చుకోవడం వారి చికిత్సలోనూ ఒక భాగమే.

బంధువులు ఆ తల్లికి మరొక సలహా యిచ్చారు, పిల్లవాణ్ణి ఏర్వాడి దర్గాకు తీసుకుపొమ్మని. సాయిబుగారు ఒప్పుకోలేదు. రామనాథపురం జిల్లాలోని ఆ వూళ్లో, రోగుల నుంచే ఒక ప్రైవేటు ఆశ్రమానికి 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది కాలి చనిపోయారు. గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

తమ్ముడు మరల మాత్రలు వేసుకుంటున్నాడు. ఎనిమిది గంటలకు లేచి ఫజర్ అప్పుడు చదువుకుంటాడు. అంతవరకు తల్లి యింట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వదట.