ఫర్నేస్ మంటా? అడవి మంటా?

వేసవి రాత్రి ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్లే ఉపగ్రహానికి భిలాయ్ ఉక్కు కర్మాగారం కూడా మంటలాగే కనిపిస్తుంది. మామూలు నేల నుంచి వికిరణం 10 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా వస్తే, 700 డిగ్రీల సెల్సియస్ మంట నుంచి 3 మైక్రాన్ల దగ్గర వస్తుంది. ఉపగ్రహంలోని వియర్స్ పరికరం 375 మీటర్ల గడుల్లో వెతికేది ఈ తేడానే. మరి ఏది ఫర్నేస్, ఏది అడవి? డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఆ చుక్కలను అటవీ హద్దులతో సరిచూసి, అడవిలో పడ్డవాటికే ఎస్‌ఎంఎస్ హెచ్చరిక పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మనకూ వస్తుంది.

ఇప్పపూలు ఏరేందుకు చెట్టు కింద ఎండుటాకులకు పెట్టిన నిప్పు అడవిలోకి పాకడం మామూలే. గాలి తోడైతే అడవి మంట ప్రాణాలు తీస్తుంది: 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణిలో 20 మందికి పైగా చనిపోయారు. వియర్స్ ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో దాటితే మళ్లీ వచ్చేది అర్ధరాత్రి దాటాకే. మూడింటికి రాజుకున్న మంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాల్సింది ఊరివాళ్లే.