ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడమూ గృహహింసే

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్ తిరగేసినా గృహహింస చట్టం మీద ఒకటి రెండు బిట్లు కనిపిస్తాయి. చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది? 2005. అమల్లోకి ఎప్పుడొచ్చింది? 2006 అక్టోబరు 26. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి ఇవి నోటికొచ్చు. కానీ ఆ చట్టం నియమావళికి జతచేసిన ఒకటో నంబరు ఫారం చదివారా? పరీక్షలో అడగరు కాబట్టి చదివి ఉండరు. ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయిలు ముందు చదవాల్సింది మాత్రం అదే.

దాని పేరు గృహహింస సంఘటన నివేదిక. బాధితురాలు చెప్పింది విని రక్షణాధికారి రాసుకునే కాగితం. కొట్టడం, కట్నం కోసం వేధించడం అందులో ఉంటాయని మనకూ తెలుసు. వాటితోపాటే ఇవీ ఉన్నాయి: కాలేజీకి వెళ్లనివ్వకపోవడం, ఉద్యోగంలో చేరనివ్వకపోవడం, చేస్తున్న ఉద్యోగానికి అడ్డుపడటం, జీతం లాక్కోవడం, ఇష్టంలేని పెళ్లికి బలవంతపెట్టడం. "ఆఫర్ లెటర్ వచ్చింది కానీ ఇంట్లో వద్దన్నారు" అనే మాట మీ బ్యాచ్‌లోనే ఎన్నిసార్లు విని ఉంటారు! నచ్చజెప్పడం వేరు, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం వేరు. రెండోదాన్ని "మా నాన్న కొంచెం స్ట్రిక్ట్" అని సర్దుకుపోవాల్సిన పనిలేదు.

ఈ చట్టం భార్యలకే అనుకోకండి. ఒకే ఇంట్లో ఉంటున్న కూతురు, చెల్లెలు, తల్లి కూడా దీని కింద ఫిర్యాదు చేయొచ్చు. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లకూ రక్షణ ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇల్లు ఏ నల్లగొండలోనో ఖమ్మంలోనో ఉండి, మీరు కొత్తపేట హాస్టల్లో ఉంటున్నారనుకోండి. కేసు కోసం ఊరికి వెళ్లక్కర్లేదు. తాత్కాలికంగా నివసిస్తున్న చోటైనా, ఉద్యోగం చేస్తున్న చోటైనా మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చని 27వ సెక్షన్ చెబుతోంది. మీరు రోజూ బస్సులో దాటిపోయే ఎల్‌బీ నగర్ కోర్టుల ప్రాంగణంలోనే రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. వాళ్ల హెల్ప్‌లైన్ 15100.

కోర్టు దాకా వెళ్లాలో లేదో తేల్చుకోలేకపోతే 181కి ఫోన్ చేయండి. అక్కణ్నుంచి సఖి కేంద్రానికి పంపిస్తారు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఈ కేంద్రాల్లో కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి, అయిదు రోజుల దాకా ఉండనిస్తారు. అప్పటికప్పుడు ప్రాణభయం ఉంటే మాత్రం 112. ఉద్యోగంలో చేరాక ఆఫీసుకొచ్చి గొడవ చేస్తుంటే, అక్కడికి రాకుండా మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు.

కాగితం మీద ఇదంతా బాగుంది. అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది, కేసులేమో వాయిదాల మీద నడుస్తాయి. రక్షణాధికారులను జిల్లా, తాలూకా స్థాయిలో నియమించండని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు! అందుకే ఫిర్యాదు ఇచ్చి ఊరుకోకండి. నివేదిక కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి, అది మీ హక్కు.

టెక్ బ్లాగ్ రాసేవాణ్ని కాబట్టి ఫోన్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. ఫోన్ ఇంట్లోవాళ్ల చేతిలో ఉంటుందనుకుంటే మొదటి కాల్ ఫ్రెండ్ ఫోన్ నుంచి చేయండి. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూసుకోండి. అయితే తొందరపడి అన్నీ ఒకేసారి ఆపేస్తే అవతలివాళ్లకు అనుమానం వస్తుంది. ముందు బెదిరింపు మెసేజ్‌లు, వాయిస్ నోట్లు, జీతం ఎవరి ఖాతాకు వెళ్లిందో చూపే స్టేట్‌మెంట్లు కొత్త మెయిల్‌కు పంపి దాచుకోండి. సర్టిఫికెట్లు తాళంలో ఉంటే డిజీలాకర్‌లో వెతకండి, అక్కడ దొరికినవి ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి. ఇక్కడే ఒక చిక్కు. మీ ఆధార్‌కు నాన్న నంబరు లింకై ఉంటే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఆధార్ సెంటర్‌లో వేలిముద్ర వేసి మీ నంబరు మార్పించుకోవచ్చు, వేరే కాగితాలేవీ అడగరు. ఇది ఇవాళే చేసిపెట్టుకోండి, అవసరం పడినా పడకపోయినా.

అబ్బాయిలకూ ఇందులో పనుంది. చైతన్యపురి, సరూర్‌నగర్ గదుల్లో గోడ అవతల ఏం జరుగుతోందో రాత్రిపూట వినబడుతూనే ఉంటుంది. భర్త కొట్టడం ఏదో ఒక కారణానికి సమంజసమేనన్న మహిళలు తెలంగాణలో దాదాపు 84 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటప్పుడు ఆమె తానుగా బయటికొచ్చి పిలుస్తుందని ఎదురుచూడటం దండగ. నాలుగో సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా రక్షణాధికారికి తెలపవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసులు ఉండవు. ఫోన్ చేసినప్పుడు కాలనీ, వీధి, ఎన్నో అంతస్తు, ఇంట్లో పిల్లలున్నారా అనేవి చెబితే చాలు.