కలవని పట్టాలు కలిసే చోటు

చింతామణి రైల్వే స్టేషను కోలారు–చిక్కబళ్ళాపురం రైలు మార్గంలో ఉంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి తిన్నగా సాగే పట్టాలను చూస్తే, అవి పోనుపోను దగ్గరై, దూరాన ఒకచోట కలిసిపోయినట్లు కనిపిస్తాయి. నిజంగానే కలిస్తే రైలు నడిచేదెలా? రెండు పట్టాల మధ్య ఎడం 1.676 మీటర్లు. అది ముందుకు పోయినకొద్దీ తగ్గదు. సమాంతర రేఖలు ఎన్నటికీ కలవవని రేఖాగణితం చెబుతుంది. కన్ను మరొకలా చెబుతుంది.

ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. కంటికి అరమీటరు దూరంలో ఒక గాజు పలక నిలిపామనుకుందాం. పట్టాల నుంచి కంటికి వచ్చే కాంతిరేఖలు ఆ పలక గుండానే రావాలి. అవి పలకను తాకిన చోటల్లా చుక్క పెడితే పట్టాల బొమ్మ తయారవుతుంది. దీన్నే ప్రక్షేపం అంటారు. ఆ బొమ్మలో ఎడం ఎంతో సరూప త్రిభుజాలు తెలిసినవారు ఇట్టే చెప్పగలరు. అసలు ఎడాన్ని పలక దూరంతో గుణించి, పట్టాల దూరంతో భాగించాలి. 10 మీటర్ల దూరాన ఉన్న ఎడం పలక మీద సుమారు 8.4 సెంటీమీటర్లు. 100 మీటర్ల దూరాన 8.4 మిల్లీమీటర్లు. కిలోమీటరు దూరాన ఒక్క మిల్లీమీటరైనా ఉండదు! చిక్కబళ్ళాపురంలో అరచేయి కంటికి అడ్డం పెడితే 1478 మీటర్ల ఎత్తున్న నందికొండ శిఖరం మరుగైపోవడం కూడా ఈ లెక్క వల్లనే.

చిత్రాన్ని కిటికీతో పోల్చి ఈ పద్ధతిని గ్రంథంలో వివరించినవాడు ఇటలీ దేశపు ఆల్బెర్తీ. అది 1435వ సంవత్సరం. బాగేపల్లికి పొరుగునే ఉన్న లేపాక్షి వీరభద్రాలయంలో, 16వ శతాబ్దిలో పైకప్పు చిత్రాలు వేసినవారు ఈ లెక్కను పాటించలేదు. అది లోపం కాదు. వారు చూపదలచింది కథను, దూరాన్ని కాదు.

కంప్యూటరుకు గాజు పలక దాని తెరే. ప్రతి బిందువుకూ అడ్డం, నిలువు, లోతు అని మూడు నిరూపకాలు ఉంటాయి. మొదటి రెండింటినీ తెర దూరంతో గుణించి లోతుతో భాగిస్తే, చదునైన తెర మీద దూరం కనిపిస్తుంది.

బొమ్మ కదలాలంటే ఈ భాగహారానికి ముందు మరికొంత పని ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. తోలుబొమ్మను ఆడించేవారు దాన్ని పక్కకు జరుపుతారు, తిప్పుతారు. వెనక్కి, దీపం వైపు తెస్తే తెర మీద నీడ పెద్దదవుతుంది. జరపడం స్థానాంతరణం, తిప్పడం భ్రమణం. వీటితోపాటు పరిమాణం మార్చడాన్ని కూడా కలిపి గణితంలో పరివర్తనలు అంటారు.

బొమ్మ చేయి భుజం కీలు దగ్గర తిరుగుతుంది. అక్కడ దారంతో ముడి ఉంది కదా! కంప్యూటరు లెక్కలో ముడి లేదు. మామూలు భ్రమణ సూత్రం దేన్నయినా మూలబిందువు చుట్టూనే తిప్పుతుంది. అందుచేత భుజాన్ని మొదట మూలబిందువు దగ్గరకు జరిపి, చేతిని తిప్పి, తిరిగి యథాస్థానానికి చేర్చాలి. ఈ వరుస తప్పితే, మూలబిందువు బొమ్మ పాదాల దగ్గర ఉన్నప్పుడు, చేయి భుజాన్ని వదిలి పాదాల చుట్టూ తిరుగుతుంది.